గంగామణిని పస్తులుంచారు

కొత్తగా ఆసుపత్రుల్లో డైటీషియన్లుగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మేడం, మీ అనుభవం చెప్పండి" అంటారు. వాళ్లకు కావలసింది ఏ జబ్బుకు ఎంత ప్రొటీన్, ఎన్ని కేలరీలు అనే లెక్క. అది పుస్తకాల్లో ఉంది, చదువుకోండి అంటాను. నేను చెప్పాలనుకుంటున్నది వేరే. దాన్ని కోపంతోనే రాస్తున్నానని ముందే చెబుతున్నాను. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఈ కోపం చల్లారలేదు. చల్లారకపోతేనే మంచిదనిపిస్తుంది.

మాది కామారెడ్డి. హైదరాబాద్‌లో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో సగం జీవితం గడిపాను. చివరి సంవత్సరాలు సొంతూరికి తిరిగొచ్చి, ఒక ట్రస్టు నడిపే చిన్న కీమో కేంద్రంలో పనిచేశాను. పొద్దున వచ్చి సెలైన్‌లో క్యాన్సర్ మందు ఎక్కించుకుని, సాయంత్రం బస్సుకో ఆటోకో వెళ్లిపోయే చోటు అది. గాంధారి, రాజంపేట, సదాశివనగర్, ఎల్లారెడ్డి వైపు వాళ్లంతా వచ్చేవాళ్లు. నన్ను "తిండి మేడం" అనేవాళ్లు. కొందరు డాక్టర్లు అదే మాటను వెటకారంగా అనేవాళ్లు. రెండూ విన్నాను.

వంటగది పక్కన కుర్చీ

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన రోజు సూపరింటెండెంట్ గారు నన్ను వంటగది దగ్గరికి తీసుకెళ్లి ఒక కుర్చీ చూపించారు.

"ఇడ్లీ మెత్తగా వస్తోందా, సాంబారులో ఉప్పు సరిపోయిందా చూస్తుండండి. రోగుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు" అన్నారు.

ఆయన చెడ్డ మనిషేం కాదు. ఆపరేషన్ చేయడంలో ఆయనంతటి వారు లేరని పేరు. కానీ తిండి అంటే ఆయనకు క్యాంటీన్ వ్యవహారం. దానికీ వైద్యానికీ ఏ సంబంధమూ లేదని గట్టిగా నమ్మేవారు. అలా నమ్మే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. మీరు చేరే చోట కూడా ఉంటారు.

ఆ కుర్చీలో కూర్చుంటే వార్డుల నుంచి వెనక్కి వచ్చే కంచాలు కనిపించేవి. చాలా కంచాలు పెట్టింది పెట్టినట్టే వచ్చేవి. గొంతంతా పుండ్లు పడ్డ మనిషికి కారం పప్పు పంపేవాళ్లు. దవడ తెరుచుకోని మనిషికి చపాతీ పంపేవాళ్లు. రేడియేషన్ సగంలో ఉండగా మింగుడు పడక, ఎండిపోయి, నీరసంతో లేవలేక చికిత్స మానేసి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఎందరో. కొన్నాళ్లకు తిరిగొచ్చేసరికి గడ్డ మళ్లీ పెరిగి ఉండేది. "రోగి సహకరించలేదు" అని కేసు కాగితం మీద రాసేవారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మింగలేనివాడికి చపాతీ పెట్టి, సహకరించలేదని రాయడమేమిటి!

ఒక రోజు కుర్చీ వదిలి, ఎవరినీ అడగకుండా వార్డులోకి వెళ్లాను. గాంధారి దగ్గరి తండా నుంచి వచ్చిన రాములు నాయక్ అనే రైతు గొంతు క్యాన్సర్‌తో అక్కడ ఉన్నాడు. రేడియేషన్ మొదలుపెట్టబోతున్నారు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి దానిలో ఆహారం పోద్దామని డాక్టర్‌ను ఒప్పించాను. రాములు భార్య ఒప్పుకోలేదు.

"ముక్కుల పైపు ఏసిన్రంటే ఇగ మనిషి అయిపోయినట్టే గద మేడం. మా తండల అందరు గట్లనే అంటరు" అని ఏడ్చింది.

"రేపు గొంతు వాచి నీళ్లు కూడా దిగవు. అప్పుడేం పోస్తావు? చచ్చిపోయేటోనికి కాదు ఈ పైపు, బతకాల్సినోనికే" అన్నాను.

ఆమె ఏడుస్తూనే ఒప్పుకుంది. పాలు, గుడ్డు, వేయించిన పల్లీల పొడి, మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు కలిపి వడగట్టి పోయడం నేర్పాను. రాములు ఒక్క రోజు కూడా మానకుండా రేడియేషన్ పూర్తి చేశాడు. పక్క మంచం మీద అదే జబ్బుతో ఉన్న మనిషి సగంలో ఆగిపోయాడు. సూపరింటెండెంట్ గారికి ఇద్దరినీ చూపించాను. ఆయన రాములు వైపు చూసి "అదృష్టవంతుడు" అన్నారు.

అదృష్టమట! పూటపూటకూ ఆ భార్య వడగట్టి పోసినదాన్ని ఆయన అదృష్టం అన్నారు.

ఆయన తర్వాత వచ్చిన అధికారి ఇంకో రకం. ఆయనకు తిండి మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. ప్రతి రోగికీ ఒక కంపెనీ పొడి డబ్బా రాయమన్నారు. అలాంటి పొడులు అవసరమైన రోగులు ఉంటారు, కాదనను. గుడ్డు తినగలిగినవాడికి, పప్పు జీర్ణమయ్యేవాడికి డబ్బా ఎందుకని అడిగాను. మరునాడు నన్ను స్టోర్ రూముకు మార్చారు. మీకూ ఇలాంటి రోజు వస్తుంది. స్టోర్ రూములో కూర్చున్నంత మాత్రాన ఎవరూ చచ్చిపోరు.

తిండి చేసే పని

అసలు విషయం తేటగా చెప్పాలి. తిండి క్యాన్సర్‌ను నయం చేయదు. ఫలానా పండు తింటే గడ్డ కరిగిపోతుందని చెప్పేవాడు దొంగ. గడ్డను కరిగించేవి, కోసి తీసేసేవి మందు, రేడియేషన్, కత్తి. కానీ ఆ మందు గడ్డనొక్కదాన్నే కొట్టదు. నోటి లోపలి పొరను, పేగులను, రక్తం తయారయ్యే ఎముక మూలుగను కూడా కొడుతుంది. దెబ్బతిన్నదాన్ని ఒళ్లు మళ్లీ కట్టుకోవాలి, వచ్చే విడత మందు నాటికి సిద్ధంగా ఉండాలి. దేనితో కట్టుకుంటుంది? తిన్నదానితోనే. కండ కరిగిన ఒంట్లో అదే మందు ఎక్కువ విషమవుతుంది. రక్తకణాలు తగ్గుతాయి, జ్వరాలు పట్టుకుంటాయి. డాక్టర్ మందు వాయిదా వేస్తాడు, లేదా మోతాదు తగ్గిస్తాడు. గడ్డకు కావలసింది కూడా అదే, పెరగడానికి ఒక సందు.

జబ్బు ముదిరి, ఎంత పెట్టినా ఒంటికి పట్టని దశ కూడా ఉంది. అప్పుడు బలవంతంగా కుక్కకూడదు. అది వేరే సంగతి. నేను చెప్పబోయే గంగామణిది ఆ దశ కాదు.

అక్కా తమ్ముడు

గంగామణిది ఎల్లారెడ్డి. బీడీలు చుట్టేది. భర్త దుబాయిలో కూలి పని. పిల్లలు లేరు. రొమ్ములో గడ్డతో మా కేంద్రానికి వచ్చింది. వెంట తమ్ముడు రమేశ్ వచ్చాడు. కామారెడ్డిలో టీచర్. చిన్నప్పుడే తల్లి పోతే, ఆమె బీడీలు చుట్టి అతణ్ణి చదివించింది. బి.ఎడ్. దాకా ఆమె చేతి కష్టమే. ఈ మాట అతనే చెప్పాడు, చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

గడ్డ పెద్దదే, కానీ ఇంకా రొమ్ము, చంక దాటలేదు. ముందు కీమోతో చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్ చేద్దామని మా డాక్టర్ సుధీర్ చెప్పారు. నయం చేయాలన్న ఉద్దేశంతోనే చికిత్స మొదలుపెట్టారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నా దగ్గరికి వచ్చినప్పుడు గంగామణి మొదట అడిగిన మాట, "మేడం, మటన్ తినొచ్చా?"

"తినొచ్చు. బాగా ఉడకబెట్టుకుని తిను. గుడ్లు, పప్పు, పెరుగు, జొన్నరొట్టె, అన్నం, అన్నీ తిను. పచ్చివి మాత్రం ఇప్పుడు వద్దు. ఏదైనా ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే తిను" అన్నాను.

"ఇగో, ఇన్నవారా రమేశా? మేడం మటన్ తినుమన్నది" అని పెద్దగా నవ్వింది. మందు ఎక్కించే ఆ గదిలో అంత పెద్దగా నవ్వేవాళ్లు తక్కువ. మిగతా మంచాల మీదివాళ్లు తలలు తిప్పి చూశారు.

మొదటి రెండు విడతల మందు బాగా పనిచేసింది. వాంతులు అయ్యాయి, జుట్టు ఊడింది, కానీ ఆమె తింటూనే ఉంది. డాక్టర్ సుధీర్ గడ్డను కొలిచి సంతోషపడ్డారు. నిమ్మకాయంత ఉన్నది ఉసిరికాయంత అయిందని నాతో చెప్పారు.

మూడో విడతకు వచ్చిన మనిషిని నేను వెంటనే గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. రక్త పరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఈసారి మందు ఎక్కించలేమని, తర్వాత రమ్మని చెప్పారు.

"నిన్న ఏం తిన్నావు గంగామణీ?" అని అడిగాను.

"మంచి డైటే మేడం. నేను దగ్గరుండి చూసుకుంటున్న" అన్నాడు రమేశ్.

రోగిని అడిగితే ఇంకొకరు జవాబు చెప్పారంటే, ఆ ఇంకొకరిని బయటికి పంపండి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నవాటిలో పనికొచ్చేది ఇదొకటి. ఆయుష్మాన్ కార్డు జిరాక్స్ కావాలని చెప్పి రమేశ్‌ను బజారుకు పంపాను.

అతను వెళ్లగానే గంగామణి తల వంచుకుంది.

"మేడం, నేనో తప్పు జేసిన. మా తమ్మునికి చెప్పకుండ్రి."

"ఏం చేశావు?"

"గుడ్డు తిన్న."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పుకుంటూ పోయింది. రమేశ్ ఫోన్‌లో వీడియోలు చూశాడట. చక్కెర, అన్నం, పాలు, మాంసం గడ్డకు మేత అట. అవి బంద్ పెడితే గడ్డ ఆకలికి చచ్చిపోతదట. అందుకని ఆమెను కామారెడ్డిలో తన ఇంటికి తెచ్చుకుని, పొద్దున గోధుమగడ్డి రసం, పగలు బూడిద గుమ్మడికాయ రసం, రాత్రి కీరదోసకాయ ముక్కలు. అంతే.

"ఆకలికి కండ్లు తిరుగుతుండె మేడం. ఇంటికాడ పనున్నదని చెప్పి ఎల్లారెడ్డికి పోయిన. మా పక్కింటి రజియక్క గుడ్డు ఉడకబెట్టి, కిచిడి పెట్టింది. ఆపుకోలేక తిన్న. మల్ల ఇంకోపారి గుడ తిన్న. గందుకే రక్తం తగ్గింది గద? గందుకే మందు ఎక్కిస్తలేరు గద?" అని నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడు గింత జేస్తుంటే నేనే దొంగతిండి తిని ఖరాబు చేసుకున్న."

నా ఉద్యోగంలో చాలామంది ఏడవడం చూశాను. తిన్నందుకు క్షమించమని అడిగిన మనిషిని చూడటం అదే మొదటిసారి.

"నువ్వు ఏ తప్పూ చేయలేదు. ఆ గుడ్డే నిన్ను ఈ మాత్రం నిలబెట్టింది. ఇంకా తినాల్సింది" అన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మనట్టు ముఖంలోనే తెలిసింది. చదువుకున్న తమ్ముడి మాట ముందు నా మాట ఎంత!

రమేశ్‌తో

రమేశ్ జిరాక్సులు పట్టుకుని తిరిగొచ్చాడు. వరండాలో నిలబెట్టి మాట్లాడాను. నెమ్మదిగా మాట్లాడాలనే మొదలుపెట్టాను.

"రమేశ్ గారూ, మీ అక్క అన్నం మానేస్తే గడ్డ పస్తుండదు. ఒళ్లు తన కండను తానే కరిగించుకుని చక్కెర తయారుచేసుకుంటుంది. గడ్డ దాన్ని తీసుకుంటుంది. పస్తున్నది మీ అక్క ఒక్కతే."

"మేడం, ఈ వీడియో చూడుండ్రి. పెద్ద డాక్టరే చెప్తున్నడు" అని ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన చక్కగా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. దేనికి డాక్టరో అందులో ఎక్కడా చెప్పలేదు. చివర్లో ఏవో చూర్ణాలు చూపించాడు.

"ఈయన మీ అక్కను చూశాడా? రక్త పరీక్ష చూశాడా?"

"మీ మందు కంపెనీలకు నచ్చది మేడం గీ విషయం" అన్నాడు. ఆ తర్వాత గొంతు పెంచాడు. "మా అక్క పానం మీద నాకన్న మీకెక్కువ ఫికరా? నాకు తల్లి గామె. నేను గుడ చక్కెర బంద్ జేసిన, పాలు బంద్ జేసిన, ఆమెతోని బరాబర్ నేను గుడ గవే రసాలు తాగుతున్న!"

అది నిజమే. అతనూ చిక్కిపోయాడు. మోసగాడైతే తిట్టి పంపొచ్చు. ఇతను ప్రేమతో చంపుతున్నాడు.

డాక్టర్ చెబితే వింటాడని ఇద్దరినీ డాక్టర్ సుధీర్ గదికి తీసుకెళ్లాను. బయట బెంచీల నిండా జనం. ఆయన ఒక కేసు కాగితం మీద సంతకం పెడుతూ, తల ఎత్తకుండా, "అన్నీ తినొచ్చమ్మా, బలమైన ఆహారం తీసుకో" అన్నారు. తర్వాతి పేరు పిలిచారు. అయిపోయింది.

బయటికి రాగానే రమేశ్ అన్నాడు, "సారు బలమైన ఆహారమన్నడు. గోధుమగడ్డి కన్న బలమైంది ఏమున్నది?"

డాక్టర్ సుధీర్ మంచివారు. రోజుకు ఎంతమందిని చూస్తారో నాకు తెలుసు. అయినా ఆ రోజు ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు. సాయంత్రం అదే చెప్పాను. "మందు మోతాదు చుక్క తేడా రాకుండా లెక్కేస్తారు. ఆ మందును మోయాల్సిన మనిషికి ఒక్క నిమిషం ఇవ్వరు. ఆ నిమిషం ఆ వీడియో ఆయన ఇస్తున్నాడు, గంటలు గంటలు ఇస్తున్నాడు. జనం ఎవరి మాట వింటారు సార్?"

ఎల్లారెడ్డిలో

ఆ వారంలోనే గంగామణికి విరేచనాలు, చలిజ్వరం పట్టుకున్నాయి. తెల్లకణాలు తగ్గిన ఒంట్లోకి సరిగా కడగని పచ్చిగడ్డి రసం పోస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ తీసుకెళ్లారు. చావు తప్పించుకుని బయటపడింది. ఎల్లారెడ్డిలో తన సొంతింటికి చేరాక చూడటానికి నేను బస్సెక్కాను. అది నా డ్యూటీ కాదు. డ్యూటీలో లేదని వెళ్లకపోతే మన పని మనం చేయనట్టే.

పక్కింటి రజియా బీ తన ఇంటి ముందు కుట్టుమిషన్ మీద పనిచేస్తోంది. నన్ను చూడగానే లేచి, "మీరేనా తిండి మేడం? చూడుండ్రి, హడ్డీలు తప్ప ఏం మిగల్లే. నేను ఏమన్న పెడ్తనంటే ఆ సార్ నన్ను దుష్మన్ లెక్క చూస్తడు" అంది.

రమేశ్ అక్క మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. భయపడి ఉన్నాడు కాబట్టి ఈసారి విన్నాడు. ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో రజియాకూ అతనికీ కలిపి చెప్పాను. కొంచెం కొంచెం, మాటిమాటికి. గంజిలో పెరుగు, మెత్తటి కిచిడి, గుడ్డు, తర్వాత కోడి ఉడికించిన రసం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ గంగామణి తమ్ముడి ముఖం వైపు చూసింది. అతను తల ఊపాక తింది.

మనిషి తేరుకుంది. బరువు పెరిగింది, రక్తం పెరిగింది, తనంతట తాను నడుచుకుంటూ కేంద్రానికి వచ్చింది. మోతాదు తగ్గించి కీమో మళ్లీ మొదలుపెట్టారు. తట్టుకుంది. "మేడం, బీడీలు చుట్టబుద్ధయితున్నది" అంది. నేను గెలిచాననుకున్నాను.

తర్వాత స్కాన్ తీశారు. మందు ఆగిన రోజుల్లో గడ్డ పెరిగింది. చంకలో గడ్డలు కూడా పెద్దవయ్యాయి.

రమేశ్ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"చూసిన్రా మేడం? గడ్డి రసం తాగినప్పుడు గిట్ల కాలే. మీరు తినిపించినంక పెరిగింది."

"రసాలు తాగినన్నాళ్లు మందు ఆగింది. ఆగినందుకు పెరిగింది. పెరిగింది అప్పుడే, మనం చూసింది ఇప్పుడు."

"మీరు గట్లనే అంటరు."

అప్పుడు డాక్టర్ సుధీర్ స్వయంగా వచ్చారు. రమేశ్‌ను కూర్చోబెట్టి, బొమ్మ గీసి, చాలాసేపు వివరించారు. మందు మార్చి ప్రయత్నించొచ్చన్నారు. బాగా చెప్పారు. అదే నిమిషం అప్పుడు ఇచ్చి ఉంటే! రమేశ్ అంతా విని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ వారమే అక్కను ఎక్కడో దూరంగా ఉపవాసాలతో రోగాలు తగ్గిస్తామనే ఆశ్రమంలాంటి చోటుకు తీసుకెళ్లాడని రజియా ఫోన్ చేసి చెప్పింది.

గంగామణికి ఫోన్ చేశాను. గొంతు సన్నగా వినిపించింది.

"నీకు ఇష్టమయ్యే వెళ్లావా?"

"ఇష్టమేంది మేడం... తేనె నీళ్లిస్తుండ్రు. కడుపుల మంట లేస్తున్నది."

"మరి వచ్చెయ్యి. నేను బండి పంపిస్తాను."

"వానికి కాదని ఎట్ల చెప్పాలె? నేను వద్దంటే వాడు ఏడుస్తడు మేడం. చిన్నప్పటి సంది వాడు ఏడిస్తే నాకు పానం ఆగది."

అయినా బతిమాలాను, తిట్టాను, తెలిసినవాళ్లతో చెప్పించాను. రమేశ్ ఫోన్ ఎత్తడం మానేశాడు.

తిరిగొచ్చినప్పుడు ఆమెను ఇద్దరు పట్టుకుంటే తప్ప కూర్చోలేకపోయింది. డాక్టర్ సుధీర్ చూసి, ఈ ఒంటికి ఏ మందూ ఎక్కించలేనని చెప్పేశారు. గంగామణి ఎల్లారెడ్డిలో తన ఇంట్లోనే చనిపోయింది. క్యాన్సర్‌తో పోయిందని ఊళ్లో అందరూ అన్నారు.

సరిగ్గా తింటే బతికేదా అని నన్ను అడుగుతారు. నాకు తెలియదు. తెలుసని చెబితే నేను కూడా ఆ వీడియో ఆయన లాంటిదాన్నే అవుతాను. కానీ మందు పనిచేస్తున్న మనిషి ఆమె. ఆ మందును పూర్తిగా తీసుకునే అవకాశాన్ని ఆమె చేతిలోంచి లాగేసుకున్నారు. తెల్లకోటు ఆయన లాక్కున్నాడు. తల ఎత్తని డాక్టర్ లాక్కున్నాడు. ఖరీదైన మందులను ఉచితంగా ఇచ్చి, వాటిని తట్టుకోవడానికి ఒక పూట భోజనం కూడా పెట్టని మా కేంద్రం లాక్కుంది. ప్రాణం పెట్టి చూసుకున్న తమ్ముడు కూడా లాక్కున్నాడు.

పిట్టకు పెట్టిన రోజు

రజియా రమ్మంటే దినాలకు వెళ్లాను. మా వైపు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట విస్తట్లో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టాకే మిగతావాళ్లు తింటారు. దుబాయి నుంచి భర్త వచ్చాడు. గుండు చేయించుకుని విస్తరి ముందు కూర్చున్నాడు.

వడ్డించింది రమేశ్. మటన్ కూర, తలకాయ కూర, కోడి వేపుడు, బగారన్నం, గారెలు, పాయసం, ఒక గ్లాసులో కల్లు. వడ్డిస్తూనే ఉన్నాడు. విస్తరి నిండి, అంచుల మీంచి కూర మట్టిలోకి కారుతున్నా ఇంకో గరిటె వేశాడు. రజియా కొంగు నోట్లో కుక్కుకుంది.

చాలాసేపు చూశాం. దూరంగా కరెంటు తీగ మీద కాకులు ఉన్నాయి, కిందికి రావడం లేదు. పోయినామెకు ఏదో కోరిక మిగిలిందని, తీరుస్తామని ఒక మాట ఇయ్యమని పెద్దమనుషులు అన్నారు. భర్త చేతులు జోడించి ఏదో గొణిగాడు. కాకులు కదల్లేదు. అప్పుడు రమేశ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తినక్కా. అన్ని నీకే తెచ్చిన. ఇగ దేన్నీ వద్దనను. తిను" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడుస్తూ తల తిప్పాడు, జనంలో నన్ను చూశాడు.

"మేడం, మీరన్న జెప్పుండ్రి తినుమని. మీ మాట ఇంటది."

అందరూ నా వైపు చూశారు. ఆ మాట నేను అతనికి వరండాలో చెప్పాను, మంచం పక్కన చెప్పాను, ఫోన్లో చెప్పాను. ఇప్పుడు అతనే అడుగుతున్నాడు. రజియా చేయి పట్టుకుని, అక్కడి నుంచి బస్టాండు వైపు నడిచాను.